ఎగరడమే గాని దిగడం లేని విమానాలు



పద్మవ్యూహంలోకి చొరబడడం తెలిసి, బయటికి రావడం తెలియని అభిమన్యుడి కథ మనకు కొత్త కాదు. ఇవాళ నేను చెప్పబోయేది అటువంటి కుర్రవాళ్ల సంగతే. అయితే ఇది పురాణం కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో జరిగింది.

ముందు వంటింట్లోంచి మొదలుపెడదాం. బ్రిటన్ చుట్టూ సముద్రమే కదా, అక్కడివాళ్లు తినే తిండిలో సగానికి పైగా ఓడల మీద రావలసిందే. యుద్ధం వచ్చేసరికి ఆ ఓడలు మునిగిపోవడం మొదలైంది. 1940 జనవరిలో చక్కెరకూ వెన్నకూ రేషను పెట్టారు. జూలైలో టీ పొడి వంతు వచ్చింది. మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే 57 గ్రాములు! రేషను షాపు ముందు సంచీ పట్టుకు నిలబడిన మనకు ఆ ఇల్లాళ్ల అవస్థ వేరే చెప్పాలా?

ఓడలను ముంచేవి జలాంతర్గాములే కాదు. జర్మనీవాళ్ల కాండర్ అనే నాలుగు ఇంజన్ల విమానాలు ఫ్రాన్సులోని బోర్డో నుంచి బయలుదేరి నడిసముద్రం దాకా వచ్చేవి. బాంబులు వేసేవి, పైగా ఓడలు ఎక్కడున్నాయో జలాంతర్గాములకు వైర్‌లెస్‌లో చేరవేసేవి. ఒడ్డునుంచి బయలుదేరే బ్రిటిష్ యుద్ధ విమానాలకు అంత దూరం అందదు. విమానాలను మోసే పెద్ద నౌకలా, చాలినన్ని లేవు.

అప్పుడు పుట్టింది ఈ విడ్డూరపు ఆలోచన. 1941 మార్చిలో ప్రధానమంత్రి చర్చిల్ దీనికి తొందర చేశాడు. మామూలు సరుకు ఓడ ముందు భాగాన 75 అడుగుల పట్టాలు వేశారు. వాటి మీద ఒక బండి, బండి మీద ఒక హరికేన్ విమానం. బండికి వెనక డజనుకు పైగా రాకెట్లు. దీపావళికి మన పిల్లలు కాల్చే తారాజువ్వలకు పెద్దన్నయ్యలనుకోండి! ఓడ ముక్కు అలమీద పైకి లేచే క్షణం కనిపెట్టి మీట నొక్కేవారు. ఉండేలు దెబ్బకు రాయి ఎగిరినట్టు విమానం ఎగిరిపోయేది. లోపలున్న కుర్రవాడు ఆ ఊపుకు మెడ విరగకుండా తలను వెనక్కి అదిమి పెట్టుకునేవాడు.

సరే, ఎగిరాడు. మరి దిగడం ఎలా? సరుకు ఓడ మీద దిగే చోటేదీ! శత్రువును తరిమాక, దగ్గరలో నేల ఉంటే సరి. లేకపోతే పారాచూట్‌తో దూకాలి, లేదా విమానాన్నే నీళ్లలో దింపాలి. ఎవరో ఒకరు చూసి పైకి తీస్తే బతికినట్టు. హరికేన్ పొట్ట కింద గాలి తీసుకునే తొట్టి ఒకటి వేలాడుతుంది. నీళ్లు తగలగానే అది పట్టేసి ముక్కు కిందికి మునిగేది. అందుకని చాలామంది దూకడమే మేలనుకునేవారు.

అధికారుల లెక్క తేలికే. విమానం పోతే పోయింది, ఓడలు దక్కుతాయి. ఆ లెక్కలో కుర్రవాడిని ఏ పద్దు కింద రాశారో! అయితే ఒకటి చెప్పాలి, ఈ పైలట్లు ఎవరి బలవంతమూ లేకుండా తామై ముందుకు వచ్చినవాళ్లే. అసలు కష్టం ఎగరడం కూడా కాదు, ఎప్పుడు ఎగరాలన్నది. అవకాశం ఒక్కటే. తొందరపడి వాడేస్తే మిగతా ప్రయాణమంతా దిక్కులేదు. అందుకే నెలల తరబడి కాచుకోవడమే ఎక్కువ. ఇలాంటి ఓడలు 35 ఉంటే, యుద్ధానికి విమానం ఎగిరింది ఎనిమిదిసార్లే. ఆ ఓడల్లో పన్నెండు మునిగాయి కూడా.

అన్నిటికంటె గడ్డు దారి రష్యాకు వెళ్లే ఉత్తర సముద్రం. ఆ మంచు నీళ్లలో మనిషి నిమిషాలకంటె తట్టుకోలేడు. 1942 మే 26న ఎంపైర్ మార్న్ అనే ఓడ నుంచి జాన్ కెండల్ ఎగిరాడు. ఒక జర్మన్ విమానాన్ని కూల్చాడు. పని ముగించుకుని మబ్బుల్లోంచి దూకాడు. పారాచూట్ వేళకు సరిగా విచ్చుకోలేదు. నీళ్లలోంచి తీశారు గాని కొద్ది నిమిషాలకే ప్రాణం పోయింది. ఈ ఎనిమిదిసార్లలో పోయిన పైలట్ అతనొక్కడే. ఒక్కడేనా అనిపిస్తుంది మనకు, వాళ్లమ్మకు అలా అనిపించదు కదా.

అదే ఓడ నుంచి సెప్టెంబరు 18న బర్ అనే మరొక పైలట్ ఎగిరాడు. శత్రువులతో తలపడ్డాక నీళ్లలోకి దూకలేదు. 200 మైళ్లకు పైగా ఎగురుతూ వెళ్లి, పెట్రోలు అయిపోవస్తుండగా రష్యాలోని ఆర్కేంజిల్ విమానాశ్రయంలో దిగాడు. తానూ దక్కాడు, విమానమూ దక్కింది!

ఆఖరుసారి ఇలా ఎగిరింది 1943 జూలైలో. అప్పటికి వేరే ఉపాయం వచ్చింది. గోధుమలు మోసే ఓడల మీదనే పొడుగాటి చదును డెక్కు వేశారు. కింద గోధుమలు, పైన విమానాలు. వెళ్లిన కుర్రవాడు మళ్లీ వచ్చి అక్కడే దిగేవాడు.