కానూరి లక్ష్మణరావు

డాక్టర్ కానూరి లక్ష్మణరావు (జూలై 15, 1902 - మే 18, 1986) కె.ఎల్.రావుగా ప్రసిద్ధుడైన సివిల్ ఇంజనీరు, కేంద్ర మంత్రి, పద్మభూషణ్ (1963) గ్రహీత. కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించాడు. బాల్యంలోనే ఒక కంటి చూపు కోల్పోయాడు. 1939లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

నాగార్జునసాగర్ ఆనకట్టను కాంక్రీటుతో గాక రాతికట్టడంగా నిర్మించడంలో అతని కృషి ఉంది. దీనివలన సిమెంటు ఆదా కావడమే గాక వేలాది కూలీలకు పని దొరికింది.

1962, 1967, 1971లలో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1963లో కేంద్ర మంత్రిమండలిలో చేరి నీటిపారుదల, విద్యుత్ శాఖలు నిర్వహించాడు. ఆ సంవత్సరం జూలై 26న గోదావరిపై పోచంపాడు (నేటి శ్రీరామసాగర్) ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల మెట్టపొలాలకు గోదావరి నీరు చేర్చినది దీని కాకతీయ కాలువే. సిరిసిల్ల వైపు మాత్రం వరద కాలువ, మధ్య మానేరు జలాశయం వచ్చేవరకు దశాబ్దాల నిరీక్షణ తప్పలేదు.

1972లో అతడు గంగా-కావేరి అనుసంధానాన్ని ప్రతిపాదించాడు. పాట్నా వద్ద ఏటా 150 రోజులు 60,000 క్యూసెక్కులు తీసుకొని 2,640 కిలోమీటర్ల మార్గంలో దక్షిణానికి తేవాలన్నది ఆలోచన. కాని నీటిని సుమారు 550 మీటర్ల ఎత్తుకు తోడవలసి ఉంది. అందుకు కావలసిన విద్యుత్తు అపారం. వ్యయాన్ని బాగా తగ్గించి చూపారని కేంద్ర జలసంఘం అభిప్రాయపడింది. పథకం కాగితాలపైనే నిలిచిపోయింది. 

అతని ఆత్మకథ పేరు "ది క్యూసెక్స్ కాండిడేట్". కృష్ణానదిపై పులిచింతల ప్రాజెక్టుకు కె.ఎల్.రావు సాగర్ అని పేరు పెట్టారు.