కదిలే అణువుల వెనక మన హైదరాబాద్ మనిషి

కొంచెం పొడవు పోస్టు, పూర్తిగా చదవండి.

మన హాస్టళ్లలో చాలామందిమి కెమిస్ట్రీ అంటేనే భయపడతాం. "మన బుర్రకు ఎక్కదు" అనుకుని వదిలేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఇది బుర్ర సంగతి కాదు. కంటికి కనిపించని అణువును పుస్తకంలో కదలని చుక్కలుగా చూపిస్తే ఎవరికైనా ఎట్లా ఎక్కుతుంది? ఈ ఇబ్బంది పెద్ద సైంటిస్టులకూ ఉండేది.

1865లో లండన్‌లో హాఫ్‌మన్ అనే కెమిస్ట్, క్రోకే ఆట బంతులకు పుల్లలు గుచ్చి అణువుల బొమ్మలు చేసి చూపించాడు. కార్బన్‌కు నలుపు, హైడ్రోజన్‌కు తెలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు. ఇప్పటికీ ల్యాబ్ మోడళ్లలో అవే రంగులు. అయితే ఆయన మీథేన్ బొమ్మ రొట్టెలాగా చదునుగా ఉండేది. కార్బన్ బంధాలు నాలుగూ నాలుగు మూలలకు చూస్తాయని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ ఎవరికి వారు చెప్పారు. అంటే బొమ్మ దారి చూపిస్తుంది, ఒక్కోసారి దారి తప్పిస్తుంది కూడా. పైగా ఆ బంతులు కదలవు. నిజం అణువులు క్షణం ఆగవు.

వాటిని కదిలించింది కంప్యూటర్. అమెరికాలోని లివర్‌మోర్ ల్యాబ్‌లో ఆల్డర్, వెయిన్‌రైట్ 1957లో గట్టి బంతులు ఒకదాన్నొకటి గుద్దుకుంటే ఎట్లా కదులుతాయో లెక్క కట్టించారు. ఘనంలో ప్రతి బంతీ తన చోటులోనే వణుకుతుంది. ద్రవంలో ఊరంతా తిరుగుతుంది. కానీ అవి ఊహించిన బంతులు, వాటి మధ్య ఆకర్షణ లేదు.

ఆ లోటు తీర్చింది అనీసుర్ రెహమాన్. 1927లో హైదరాబాద్‌లో పుట్టి, చికాగో దగ్గరి ఆర్గాన్ ల్యాబ్‌లో పనిచేశాడు. 1964లో మైనస్ 179 డిగ్రీల దగ్గరున్న ద్రవ ఆర్గాన్‌ను 864 పరమాణువులతో లెక్క కట్టాడు. ఒక్కోదాన్ని మిగతావి ఎంత లాగుతున్నాయి, ఎంత నెడుతున్నాయి అని చూడాలి. సెకనులో కోటి కోట్లవ వంతు సేపు కదపాలి. మళ్లీ లెక్క, మళ్లీ కదపడం. వచ్చిన ఫలితం నిజం ఆర్గాన్‌పై చేసిన కొలతలకు బాగా దగ్గరగా ఉంది. 1971లో స్టిల్లింగర్‌తో కలిసి 216 అణువులతో నీళ్లనూ ఇట్లాగే లెక్క కట్టాడు. ఈరోజు ఆయన పేరు మీద అమెరికా ఫిజిక్స్ సంఘం అవార్డు ఇస్తుంది.

నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన 'ఫెట్' సిమ్యులేషన్లు ఉచితం. అందులో పదార్థ స్థితుల బొమ్మ తెరిచి ఆర్గాన్ నొక్కండి, వేడి పెంచండి. నీళ్లు నొక్కి మరిగించండి. అణువు విరగదు, ఒకదానికొకటి దూరమవుతాయి అంతే. మరిగే నీళ్ల బుడగల్లో హైడ్రోజన్, ఆక్సిజన్ విడివిడిగా ఉంటాయని రాసేవాళ్లం మనలో ఎంతమందిమి? అణువుల మధ్య గాలి ఉంటుందని ఎంతమందిమి అనుకున్నాం? అక్కడ ఏమీ లేదు, ఖాళీయే. వాకిట్లో ఆరబోసిన ఇప్పపువ్వు వాసన ఇంట్లోకి ఎట్లా వస్తుందో ఇప్పుడు ఆలోచించండి.

ఒక్క జాగ్రత్త. ఆ రంగులు మనం పెట్టుకున్నవి, ఆ వేగం బాగా తగ్గించింది. ఊరికే సినిమాలాగా చూస్తే లాభం లేదు. నొక్కే ముందు "ఇప్పుడేం అవుతుంది?" అని అడగాలి, జవాబు రాసుకుని అప్పుడు చూడాలి.

సిగ్నల్ లేని ఊళ్లకు కూడా ఇవి డౌన్‌లోడ్ చేసుకుని తీసుకెళ్లొచ్చు. సెలవులకు వెళ్లినప్పుడు ఒక్క ఫోన్‌తో పదిమంది తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చూపిద్దాం. "మన బుర్రకు ఎక్కదు" అనే మాట వాళ్ల నోటికి రాకముందే చూపిద్దాం.

జై ఆదివాసీ.