సత్రం గోడలో మూడు తరాల తీగలు



సత్రం వయరింగు మార్చాలని తీర్మానం అయినప్పటి నుంచి రెండు మాటలు వినబడుతున్నాయి. గోడ చెక్కి పైపులు లోపల పూడ్చేస్తే చూడ్డానికి అందంగా ఉంటుందని కొందరు. అంత ఖర్చు దేనికి, తెల్ల పీవీసీ కేసింగ్ గోడ మీద కొట్టేస్తే నాలుగు రోజుల్లో పని అయిపోతుందని ఇంకొందరు. రెండు పక్షాలకూ తీగ కంటికి కనబడకూడదన్నదే ముఖ్యం. కానీ తీగను దేనిలో పెట్టి కాపాడాలి అన్న ప్రశ్నకు మన చెన్నపట్నంలో నూట పాతికేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. చేతులెత్తే ముందు దాన్ని ఒకసారి చూద్దామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

ఈ ఊళ్ళో కరెంటును కంటికి కనబడకుండా దాచాలన్న మొదటి ప్రయత్నం జరిగింది రోడ్డు మీద. 1895 మే నెలలో ఇక్కడ ఎలక్ట్రిక్ ట్రాము మొదలైంది, దేశంలోనే మొట్టమొదటిది. అప్పుడు తలమీద తీగలు లేవు. పట్టాల దారిలో ఒక గాడి తీసి, దాని కింద కాలువలాంటి గొట్టంలో కరెంటు పెట్టారు. బండి ఆ గాడిలోంచి కరెంటు అందుకునేది. చూడ్డానికి ఎంతో శుభ్రం. ఐప్పసి, కార్తీక వానలు వచ్చాయి, కాలువ నిండింది. కొన్నేళ్ళు అవస్థ పడి ఆ పద్ధతి వదిలేశారు, తీగను బయటికి తీసి స్తంభాల మీద కట్టారు. ట్రాము 1953 దాకా అలాగే నడిచింది. మన సత్రం వెనుక వైపు వంటశాల గోడ ప్రతి వానాకాలం చెమ్మెక్కుతుందని మీకందరికీ తెలుసు కాబట్టి ఈ సంగతి ముందు చెప్పాం.

ఇళ్ళలోకి కరెంటు వచ్చాక తీగకు మొదటి ఇల్లు టేకు చెక్క. దాన్నే కేసింగ్ క్యాపింగ్ అనేవారు. రెండు గాడులు తీసిన చెక్కపట్టీ గోడకు బిగించి, ఒక గాడిలో ఒక తీగ, రెండో గాడిలో ఇంకో తీగ వేసి, పైన మూతపట్టీ స్క్రూలతో బిగించేవారు. లోపలి తీగకు రబ్బరు తొడుగు, దాని పైన నూలు అల్లిక. రబ్బరులోని గంధకం రాగిని తినేస్తుంది కాబట్టి రాగికి తగరం పూత పూసేవారు. మన సత్రం ముందు హాలులో, ఫోటోల వెనకాల, ఇప్పటికీ ఆ టేకు పట్టీ నాలుగడుగులు ఉంది. ఆ పనివాళ్ళ చేతిపనికి దండం పెట్టాలి. మూలల్లో చెక్కను ఏటవాలుగా కోసి అతికిన తీరు చూస్తే నగల పెట్టె గుర్తొస్తుంది. అయితే చెక్కకు చెదలు పట్టేవి, చెమ్మకు ఉబ్బేది, తీగ వేడెక్కితే పక్కనే కాలే వస్తువు. దుకాణాలు, గోడౌన్లలో కొందరు ఈ చెక్క మానేసి పింగాణీ క్లీట్ల మధ్య తీగను గోడకు ఎడంగా లాగేవారు. అందం లేదు, కానీ ఎక్కడ పాడైందో కింద నిలబడి చెప్పొచ్చు.

తరువాత వచ్చింది బ్యాటన్. టేకు బద్ద ఒకటే, మూత లేదు. దాని మీద గట్టి రబ్బరు తొడుగున్న తీగలు పరిచి, తగరం పూసిన ఇత్తడి లింక్ క్లిప్పులతో పట్టి ఉంచేవారు. అడ్డంగా పోతే 10 సెంటీమీటర్లకు ఒక క్లిప్పు, నిలువుగా పోతే 15కు ఒకటి. పాత స్టేషన్లలో బుకింగ్ ఆఫీసు గోడలన్నీ ఇవే. మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో తలెత్తితే క్లిప్పులు లెక్కపెట్టుకోవచ్చు. ఫ్యాను ఆగిపోతే వయర్‌మన్ వచ్చి, బద్ద వెంట కళ్ళు పోనిచ్చి, చెడిన చోటు పట్టేసేవాడు. మన సత్రం మేడమీది గదుల్లో ఉన్నది ఈ రెండో తరం. అందులో కొంత అల్యూమినియం తీగ కూడా ఉంది, రాగికి కరువుగా ఉన్న కాలంలో వేసింది. అల్యూమినియం అతుకుల దగ్గర పొరగట్టి, వదులై, అక్కడే వేడి పుట్టిస్తుంది. దాని విషయంలో వాదన అక్కరలేదు, మొత్తం తీసేయాల్సిందే.

మూడో తరం పీవీసీ. తీగ తొడుగూ పీవీసీయే, పైపూ పీవీసీయే. అంతకు ముందు ఫ్యాక్టరీలలో, పెద్ద కట్టడాలలో నల్ల ఎనామిల్ పూసిన ఇనుప పైపులు వేసేవారు, మర పెట్టి బిగించేవారు. గట్టివే, కానీ మన సముద్రపు గాలికి తుప్పు, లోపల చెమ్మ. పీవీసీ పైపు తుప్పు పట్టదు, కరెంటు పారదు, మెడ మీద మోయొచ్చు. అందుకే అది గెలిచింది. మన డైనింగ్ హాలులో ఉన్నది ఇదే.

ఈ మూడు తరాల వాళ్ళూ తమ కాలానికి చాలినంత చేశారు. చెడింది లోడు దగ్గర. 60 వాట్ల బల్బు పావు ఆంపియరు లాగుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే ఏడెనిమిది ఆంపియర్లు. అంటే తాతల కాలంలో ముప్ఫై బల్బులు వెలిగించే కరెంటు ఇప్పుడు ఒక్క గదికి చాలదు. పైగా తీగలో పారే కరెంటు రెండింతలైతే పుట్టే వేడి నాలుగింతలు. ఆ పైన గ్రైండరు, వీడియో దీపాలు, మైకు, పందిరి సీరియల్ లైట్లు. ప్రతి కొత్త వస్తువుకూ ఉన్న పైపులోనే ఇంకో తీగ తోసేశారు. పైపు లోపలి చోటులో నలభై శాతానికి మించి తీగలు నింపకూడదన్నది పనివాళ్ళ పాత లెక్క. మిగతా చోటు గాలికి, వేడి పోవడానికి, రేపు ఒక తీగ మార్చి లాగడానికి. మన డైనింగ్ హాలు పైపుల్లో వేలు పెట్టే సందు లేదు.

2004 జనవరి 23 శ్రీరంగం సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెళ్ళి జరుగుతుండగా వీడియో దీపానికి ఇచ్చిన కరెంటు తీగ దగ్గర మంట పుట్టి పైనున్న ఆకుల పందిరికి అంటుకుంది. పెళ్ళికొడుకుతో సహా యాభై మందికి పైగా పోయారు. మనదీ పెళ్ళిళ్ళ సత్రమే. ముహూర్తం రోజున అయిదొందల మంది ఉంటారు, మెట్లు ఒకటే. పీవీసీ కాలితే వచ్చే పొగలో ఆమ్లం ఉంటుంది, మంట కన్నా ముందు పొగే మనుషుల్ని పడేస్తుంది. అందుకని హాలుకూ మెట్లకూ మామూలు తీగ వద్దు. ఎఫ్ఆర్ఎల్ఎస్ అయినా, కాలినా హాలోజన్ పొగ రాని రకం తీగ అయినా వేయించాలి. ధర కొంచెం ఎక్కువే. సీలింగ్ పూల అలంకారం తగ్గించుకుందాం.

ఇక గోడ చెక్కే విషయం. మా ఓటు దానికి వ్యతిరేకం. ముందు భాగం మద్రాస్ టెర్రస్ కట్టడం, టేకు దూలాల మీద ఇటుకలను నిలబెట్టి ఐమూలగా పేర్చి సున్నంతో కట్టిన కప్పు. దానికి డ్రిల్లు పెడితే ఒక ఇటుక కదిలినా పక్క ఇటుకలు వదులవుతాయి. సున్నపు గోడలో అడ్డంగా గాడి తీయడం కూడా మంచిది కాదు. ఇంకొక మాట, డెకరేషన్ వాళ్ళు. తోరణం కట్టాలంటే చేతికి దొరికిన చోటల్లా మేకు కొడతారు. లోపల పైపు ఉందని వాళ్ళకు ఎవరు చెప్తారు?

తెల్ల కేసింగ్ గురించి చెడ్డగా చెప్పడం మా ఉద్దేశం కాదు. టేకు కేసింగ్‌కు అది మనవరాలు. ఆఫీసు గదిలో, కంప్యూటరు, కెమెరా తీగలకు చక్కగా సరిపోతుంది, మూత తీస్తే అంతా కనబడుతుంది. కానీ పెద్ద హాలులో చెయ్యి అందే ఎత్తులో మూత ఊడిపోతుంది, మూలల్లో సందు విడుతుంది, ఎలుకలకు అదే రాజమార్గం.

మేము అడిగేది గోడ మీద కనబడేలా సాడిళ్ళతో బిగించిన పీవీసీ పైపు, అదీ హెవీ రకం. ఐఎస్ 9537 మూడో భాగం ప్రకారం పైపు ముక్కను నొక్కి చూస్తారు. లైటు రకం 320 న్యూటన్లు, మీడియం 750, హెవీ 1250 తట్టుకోవాలి. మన భాషలో సుమారు 33 కేజీలు, 76 కేజీలు, 127 కేజీలు. నిచ్చెన ఆనించినా, బల్ల తగిలినా ఆ తేడా తెలుస్తుంది. కొటేషన్‌లో ‘ఐఎస్ఐ పైపు’ అని మాత్రం రాసి ఊరుకుంటే లైటు రకం వస్తుంది, రకం పేరు రాయించండి. మలుపుకు మలుపుకు మూత తెరిచే పెట్టె ఉండాలి. పైపు ఇనుము కాదు కాబట్టి ఎర్తుకు ప్రతి సర్క్యూట్‌లో వేరే పచ్చ తీగ తప్పదు. మైకు, కెమెరా తీగలు కరెంటు పైపులో కలపకూడదు. వంటశాల చెమ్మ గోడను పూర్తిగా వదిలేసి ఎదుటి గోడ మీదుగా తీసుకెళ్ళాలి. మెయిన్ బోర్డు నుంచి మేడకు వెళ్ళే లావు కేబుళ్ళకు చిల్లుల ఇనుప ట్రే చాలు, గాలికి చల్లగా ఉంటాయి. అవి కప్పు దాటే రంధ్రాన్ని మాత్రం నిప్పుకు తట్టుకునే మసాలాతో మూయించాలి. వయరింగుకు ఐఎస్ 732 ఉంది, నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 1985 నుంచి ఉంది. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుకు ఇవన్నీ తెలుసు, అడిగేవాళ్ళు లేక చేయరంతే.

కనబడే పైపు వికారంగా ఉంటుందంటారా? గోడ రంగే పైపుకూ వేసి, దూలాల వెంట తిన్నగా పోనిస్తే రెండో రోజుకే ఎవరూ చూడరు. ఆ టేకు కేసింగ్ కూడా గోడ మీద కనబడేదే, మన అవ్వలు దాన్ని వికారం అనలేదు.

పని ఎప్పుడన్నది కూడా చెప్పాలి. మనవాళ్ళకు ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, తమిళ కుటుంబాలకు ఆడి నెలలో ఉండవు. రెండూ కలిసే రోజులు చూసి ఒకే విడతలో చేయిస్తే బుకింగు నష్టం తక్కువ. తై నెల ముహూర్తాలు మొదలయ్యాక మళ్ళీ గోడ ముట్టుకునే వీలుండదు.

చిన్నప్పుడు బడిలో మేము చదివింది మిన్సారం, ఇంట్లో అన్నది కరెంటు, విద్యుత్తు అన్న మాట బెజవాడ బంధువుల ఉత్తరాల్లోనే చూశాం. కాబట్టి రాతలో ఏదైనా మాట తమిళంలా వినబడితే సర్దుకోండి. ముందు హాలులోని ఆ నాలుగడుగుల టేకు పట్టీని, లోపల తీగ తీసేసి, ఉన్నచోటే ఉంచాలని కూడా తీర్మానంలో చేర్చమని కోరుతున్నాం. మీ తాతల ఇళ్ళలో అలాంటివి ఇంకా మిగిలి ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.