ప్రత్యేక పాఠశాల నుంచి అందరి బడి దాకా: మన దేశంలో వికలాంగ బాలల విద్యా చరిత్ర

బడికి రాలేకపోతున్న ఒక పిల్లవాణ్ణి చూసి సమాజం రెండు ప్రశ్నలలో ఏదో ఒకటి వేసుకోవచ్చు. ‘ఈ పిల్లవాడిలో ఏమి లోపం ఉంది?’ అన్నది మొదటిది. ‘మన బడిలో ఏమి లోపం ఉంది?’ అన్నది రెండవది. సుమారు నూట నలభై ఏళ్ళ కాలంలో మన దేశం మొదటి ప్రశ్న నుంచి రెండవ ప్రశ్న దగ్గరకు వచ్చింది. ఈ ప్రయాణం ఎలా సాగిందో, ఇంకా ఎంత దూరం మిగిలి ఉందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పద్దెనిమిదవ శతాబ్దపు ద్వితీయార్ధంలో పారిస్ నగరంలో మొదట బధిరులకు, ఆ తరువాత అంధులకు పాఠశాలలు ఏర్పడ్డాయి. అక్కడి అంధుల పాఠశాలలోనే చదువుకొన్న లూయీ బ్రెయిల్ ఆరు చుక్కల లిపిని రూపొందించి 1829లో ప్రచురించాడు. మన దేశానికి ఈ విద్య ఎక్కువగా క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. 1880లలో బొంబాయిలో బధిరుల పాఠశాల ప్రారంభమైంది. 1887లో ఆనీ షార్ప్ అమృత్‌సర్‌లో అంధుల పాఠశాలను నెలకొల్పారు. 1903లో అది డెహ్రాడూన్ సమీపంలోని రాజ్‌పూర్‌కు తరలింది. 1893లో కలకత్తాలో బధిరుల పాఠశాల మొదలైంది.

ఈ సంస్థలు చేసిన మేలు తక్కువది కాదు. చదువు రాదని అందరూ వదిలేసిన పిల్లలు చదవగలరని అవి నిరూపించాయి. అయితే వాటికి రెండు పరిమితులు ఉండేవి. అవి ఎక్కువగా పట్టణాలలో, దాతల దయ మీద నడిచేవి. పల్లెలోని పిల్లవాడికి అవి అందుబాటులో లేవు. చేరినవారు కూడా ఇంటికీ, ఊరికీ దూరంగా, తమవంటి పిల్లల మధ్యనే పెరిగేవారు.

బోధనా పద్ధతులలో మరో చిక్కు ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ, సైగల భాషను పక్కనపెట్టి, పెదవుల కదలికను చూసి మాటలు నేర్చుకొనే పద్ధతినే అనుసరించాలని తీర్మానించింది. దాని ప్రభావం అనేక దేశాల మీద పడింది. మన బధిరుల పాఠశాలల్లోనూ చాలాకాలం ఆ పద్ధతిదే పైచేయి అయింది. పిల్లలు తమలో తాము సహజంగా మాట్లాడుకొనే భాషకు తరగతి గదిలో చోటు లేకపోయింది. భారతీయ సంజ్ఞా భాష కోసం జాతీయ స్థాయిలో ఒక పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో ఏర్పడింది 2015లోనే. దాని మొదటి నిఘంటువు 2018లో వెలువడింది.

అంధుల విషయంలో చిక్కు లిపి దగ్గర వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయ భాషలకు ఒకటి కాదు, అనేక బ్రెయిల్ పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఒక ప్రాంతంలో అచ్చయిన పుస్తకం మరో ప్రాంతంలో చదవడం కష్టమయ్యేది. 1951లో ఆమోదం పొందిన భారతి బ్రెయిల్ ఈ సమస్యను తీర్చింది. దాని సూత్రం సులభమైనది. ఒకే ధ్వనికి ఏ భాషలోనైనా ఒకే చుక్కల కూర్పు. తెలుగు ‘క’కూ, హిందీ ‘క’కూ, తమిళ ‘క’కూ అవే చుక్కలు. చూసి చదివే పిల్లలకు ఈ మూడు లిపులు వేరువేరు. వేళ్ళతో తడిమి చదివే పిల్లలకు ఆ అక్షరం ఒక్కటే. అదే సంవత్సరం డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిల్ ముద్రణాలయం ఏర్పడింది.

తరువాతి మలుపు 1964-66 నాటి కొఠారి కమిషన్. వికలాంగ బాలల విద్య సాధారణ విద్యా వ్యవస్థలో విడదీయరాని భాగంగా ఉండాలని ఆ కమిషన్ స్పష్టంగా చెప్పింది. ఇది గొప్ప ముందడుగు. కాని మరొక మాట కూడా గమనించాలి. సాధారణ వ్యక్తుల అవసరాల కోసం నిర్మించిన సమాజంలో ఇమడటానికి ఆ బిడ్డను సిద్ధం చేయడమే విద్య ప్రధాన కర్తవ్యమని కమిషన్ భావించింది. అంటే సమాజం ఉన్నచోటే ఉంటుంది, సర్దుకోవలసింది పిల్లవాడే.

1974లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సమీకృత విద్యా పథకం ఈ భావన మీదనే నడిచింది. సాధారణ పాఠశాలలో చేరే వికలాంగ బాలలకు పుస్తకాలు, ఉపకరణాలు, రవాణా ఖర్చులు ఇచ్చారు. 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ నెలకొంది. బుద్ధిమాంద్యం గల పిల్లలకు బోధించే ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడంలో దానిది ప్రముఖ స్థానం. 1992లో భారత పునరావాస మండలి చట్టం వచ్చింది. ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణకు దేశమంతటికీ ఒకే ప్రమాణం ఏర్పడింది.

1994లో స్పెయిన్ దేశంలోని సలమాంకాలో జరిగిన ప్రపంచ సదస్సు ఆలోచనను తిరగవేసింది. పిల్లలు బడికి తగినట్లు మారడం కాదు, బడే పిల్లలందరికీ తగినట్లు మారాలి అన్నది దాని సారాంశం. దీనినే సమ్మిళిత విద్య అంటారు. మన తెలుగు జిల్లాలలో సహిత విద్య అన్న పేరు కూడా వాడుకలో ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, 18 ఏళ్ళ వరకు ఉచిత విద్యను చెప్పింది. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. సమ్మిళిత విద్యను అందించే బాధ్యతను పాఠశాలల మీద పెట్టింది. దగ్గరలోని సాధారణ బడా, ప్రత్యేక పాఠశాలా అన్న ఎంపికను కూడా అది పిల్లలకే ఇచ్చింది.

ఈ రెండు దృష్టుల మధ్య తేడా ఎంతటిదో ఒక తెలుగు విద్యార్థి జీవితం చూస్తే తెలుస్తుంది. మచిలీపట్నం ప్రాంతానికి చెందిన బొల్లా శ్రీకాంత్ పుట్టు అంధులు. పదవ తరగతి మంచి మార్కులతో పూర్తిచేసినా, చూపు లేనివారికి ఇంటర్మీడియట్‌లో సైన్సు కుదరదన్నారు. ఆయన న్యాయస్థానానికి వెళ్ళి అనుమతి సాధించారు. పాఠాలను రికార్డు చేయించుకొని, విని చదివి 98 శాతం మార్కులు తెచ్చుకొన్నారు. 2009లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరారు. ఆయనకు మొదటి నుంచీ తెలివి ఉంది. లేనిదల్లా ఆ తెలివికి చోటిచ్చే నిబంధన. అయితే అంత పోరాటం ఎంతమంది పిల్లలు చేయగలరు?

ఇక మిగిలిన దూరం సంగతి. యునెస్కో 2019లో భారతదేశం గురించి విడుదల చేసిన నివేదిక ప్రకారం, 5 నుంచి 19 ఏళ్ళ వయసు గల వికలాంగ బాలలలో నాలుగో వంతు ఏ విద్యాసంస్థకూ వెళ్ళడం లేదు. బడిలో పేరున్నవారందరికీ చదువు అందుతోందని కూడా చెప్పలేం. చేర్చుకోవడం వేరు, నేర్పడం వేరు. ర్యాంపు కట్టినంత మాత్రాన చక్రాల కుర్చీలో వచ్చిన బాలికకు లెక్కలు రావు. ఆమెకు లెక్కలు నేర్పే ఉపాధ్యాయుడు కావాలి. 2021లో సుప్రీంకోర్టు పట్టుకొన్నది ఈ అంశాన్నే. ఫలితంగా 2022లో కేంద్రం ఒక ప్రమాణాన్ని ప్రకటించింది: ఒకటి నుంచి ఐదు తరగతులలో పదిమంది వికలాంగ విద్యార్థులకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆరు నుంచి ఎనిమిది తరగతులలో పదిహేనుమందికి ఒకరు. పోస్టులు మంజూరు చేయాలని 2025లో న్యాయస్థానం రాష్ట్రాలకు మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

చట్టం తలుపు తెరుస్తుంది. లోపల పాఠం చెప్పేది మాత్రం ఉపాధ్యాయుడే. మీలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు, కొందరు అధికారులవుతారు. అంతవరకు ఆగనవసరం లేదు. మీ తరగతి గదిని ఒకసారి పరిశీలించండి. నల్లబల్ల మీద రాసింది పైకి చదివి వినిపిస్తున్నారా? ఉపాధ్యాయుడు పిల్లల వైపు తిరిగి మాట్లాడుతున్నారా? మరుగుదొడ్డి దాకా చక్రాల కుర్చీ వెళ్తుందా? ఈ మూడు ప్రశ్నలకు మీకు దొరికే జవాబులను రాసుకొని, మీ తరగతిలో చర్చించండి.