'ఇందులేఖ' నవలలో నవ్వు వెనుక

సరిహద్దు ఊళ్లలో ఉండే మనకు, ఒకే మాట పొలిమేర దాటితే అర్థం మారడం కొత్త కాదు. 'సంబంధం' అనే మాటనే చూడండి. మనకది పెళ్లిచూపుల నాటి మాట. పాత మలబారులోని నాయర్ల ఇళ్లలో అదొక వివాహ పద్ధతి. ఏ పక్షమైనా సులువుగా తెంచుకోవచ్చు. ఆనాటి కోర్టులు దాన్ని చట్టబద్ధమైన పెళ్లిగా ఒప్పుకోలేదు. ఆ పద్ధతి చుట్టూ అల్లిన ప్రేమకథే 1889లో ఒ. చందు మేనోన్ రాసిన మలయాళ నవల 'ఇందులేఖ'.

ఇంగ్లీషు, సంస్కృతం, సంగీతం నేర్చిన ఇందులేఖ, పట్టభద్రుడైన మాధవన్ ఒకరినొకరు ఇష్టపడతారు. ఇంట్లో ఒక కుర్రవాడి ఇంగ్లీషు చదువు విషయమై మాధవన్ ఇంటిపెద్ద పంచు మేనోన్‌తో వాదిస్తాడు. ఆ కోపంతో పెద్దాయన ఇందులేఖ కోసం సూరి నంబూదిరిని పిలిపిస్తాడు. సూరికి ఆస్తి కొండంత, తెలివి ఆవగింజంత. ఇందులేఖ ముందు అతడు నవ్వులపాలవుతుంటే మనకు కడుపుబ్బిపోతుంది.

అయితే ఇది ఒక కులం మీద ఎగతాళి అనుకోకండి. సూరి వెంట వచ్చిన చెరుశ్శేరి కూడా నంబూదిరే. చదువూ, చమత్కారమూ ఉన్న మనిషి. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, ఎవరిని చూసి నవ్వాలో రచయిత మనకే వదిలేశాడు.

అసలు చురక ఆ తరువాత ఉంది. ఉత్తచేతులతో వెళ్లడం నామోషీ అనుకున్న సూరి, అదే ఇంటి చిన్నపిల్ల కల్యాణిక్కుట్టిని కోరతాడు. పెద్దాయన సరేనంటాడు. ఆ పిల్లను అడిగినవారు లేరు. గుట్టుగా తంతు ముగించి వెంట తీసుకుపోతాడు. చదువు, ధైర్యం ఉన్న ఇందులేఖ కాదనగలిగింది. నోరులేని పిల్ల బలైంది.

1891లో ప్రభుత్వం మలబారు వివాహ సంఘాన్ని వేసినప్పుడు, మునసబు కోర్టు న్యాయాధికారిగా పనిచేసిన చందు మేనోన్ అందులో సభ్యుడు. 1896 చట్టం సంబంధాన్ని రిజిస్టరు చేసుకునే వీలు కల్పించింది. అప్పట్లో మలబారూ, మన కోస్తా జిల్లాలూ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన గురజాడ 'కన్యాశుల్కం' కూడా, తమను అడగకుండానే పెళ్లి నిశ్చయించిన ఆడపిల్లల కథే కదా!

ఈ నవల మీ చేతికందితే సూరిని చూసి తప్పక నవ్వండి. నవ్వు ఆగాక కల్యాణిక్కుట్టి గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. మన ఇళ్లలో సంబంధం మాట వచ్చినప్పుడు, ముందుగా పిల్లనే అడుగుదాం.