చేతి అల్లిక: కానుకా, కూలిపనా?

పురిటింటికి వెళ్ళేటప్పుడు పసిపాపకు ఒక ఊలు టోపీ, చలికాలానికి ముందు మనుమడికి ఒక జత మేజోళ్ళు, ఆడపడుచు గృహప్రవేశానికి బల్లమీద పరిచే లేసుగుడ్డ. ఇవి అంగడిలో కొన్నవి కావు, చేతితో అల్లినవి. అల్లినవారు దీనిని పని అని కూడా చెప్పుకోరు. "ఊరికే కూర్చోలేక" అంటారు. చరిత్రకారులు సైతం చాలాకాలం ఆ మాటనే నమ్మి ఊరుకున్నారు. కాని ఈ చిన్న వస్తువుల వెనుక రాజశాసనాలున్నాయి, యంత్రాలున్నాయి, కరవులున్నాయి, ఎగుమతి వర్తకమూ ఉంది. కుటుంబాలను పోషించిన వృత్తి ఇంటి కానుకగా మారిన వైనం ఒక దేశంలో కనిపిస్తే, ఇంటి కానుకవలె కనిపించే పని పరదేశాలకు పోయే సరుకైన వైనం గోదావరి తీరాన కనిపిస్తుంది.

నేటికి నిలిచి ఉన్న పురాతనమైన మేజోళ్ళలో కొన్ని ఈజిప్టు ఇసుకలో దొరికాయి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ఎర్రని ఊలు జత క్రీ.శ. 250–420 మధ్యకాలానిదని నిర్ణయించారు. చెప్పు వారు వేళ్ళ నడుమకు వచ్చేందుకు వీలుగా బొటనవేలికి విడిగా అర అల్లారు. అది ఒకే సూదితో, పొట్టి దారపు పోగులతో చేసే పాత పద్ధతి. రెండు సూదులమీద ఉచ్చులు నిలిపి వరుస వెంట వరుస తీసే నేటి అల్లిక అనేక శతాబ్దాల తరువాతిది. దాని తొలి నమూనాలలో చెప్పుకోదగినవి కూడా ఈజిప్టువే: నీలిరంగు, తెలుపు నూలుతో బొమ్మలు తేల్చిన మేజోళ్ళు. చలిదేశపు ఊలుపని అని అందరూ తలచే కళకు ఆనవాళ్ళు ఎండదేశపు నూలులో దొరకడం విశేషమే.

ఐరోపాలో స్పెయిను దేశపు బుర్గోస్ సమీపాన, 1275లో మరణించిన యువరాజు ఫెర్నాందో దె లా సెర్దా సమాధిలో పట్టుదారంతో అల్లిన తలగడ గలీబులు లభించాయి. అవి రాజకుటుంబపు వైభవానికి గుర్తులు. అంతకంటె మనసుకు హత్తుకొనేది 1400 ప్రాంతాన జర్మనీలో మాస్టర్ బెర్‌ట్రామ్ చిత్రశాల నుండి వెలువడిన ఒక చిత్రం. అందులో మేరీమాత కూర్చుని పలు సూదులతో బాలయేసుకు చొక్కా అల్లుతూ ఉంటుంది. తల్లి బిడ్డకోసం అల్లడం ఆనాటికే చూపరులందరికీ పరిచితమైన దృశ్యమై ఉండాలి. లేకుంటే చిత్రకారుడు దానిని ఎన్నుకొనేవాడు కాడు.

అయితే ఆ రోజులలో అల్లిక ప్రధానంగా జీవనోపాధి. 1571లో ఇంగ్లండు పార్లమెంటు ఒక శాసనం చేసింది. ఆరేండ్లు దాటిన సామాన్యులందరూ ఆదివారాలలోను, పండుగలలోను స్వదేశపు ఊలు టోపీ ధరించాలి. టోపీ అల్లేవారి కడుపు నింపడానికి ప్రజల తలలమీద చట్టం పెట్టారన్నమాట! 1597లో దానిని రద్దు చేశారు. ఉత్తర ఇంగ్లండులోని డెంట్ లోయలో స్త్రీలు, పురుషులు, పిల్లలు నడుస్తూ కూడా మేజోళ్ళు అల్లేవారు. సూది నిలపడానికి నడుముకు చెక్కుకొనే కర్ర ఒరను పడుచువాడు స్వయంగా చెక్కి, పేరు పొడి అక్షరాలు వేసి, ప్రియురాలికి కానుకగా ఇచ్చే ఆచారం ఉండేది. పనిముట్టే ప్రేమకానుక కావడం ఆ జీవితాలలో పనికి ఉన్న స్థానాన్ని తెలుపుతుంది.

1589లో నాటింగ్‌హామ్ ప్రాంతానికి చెందిన విలియం లీ మేజోళ్ళు అల్లే చట్రాన్ని నిర్మించాడు. తన వలపును పట్టించుకోక అల్లికలోనే మునిగిపోయిన యువతిమీది కినుకతో నిర్మించాడని ఒక కథ ఉంది. కథలు యంత్రాలకు కూడా ఉంటాయి. చేతితో అల్లే పేదల నోటిముందు కూడు పోతుందనే భయంతో ఎలిజబెత్ రాణి అనుమతిపత్రం నిరాకరించిందని చెబుతారు. లీ ఫ్రాన్సుకు వెళ్ళి అక్కడే కన్నుమూశాడు. అతని యంత్రం మాత్రం తిరిగివచ్చి స్థిరపడింది. క్రమంగా చేతి అల్లిక వర్తకంలో వెనుకబడింది.

వృత్తిగా వెనుకబడిన ఆ పనికి ఇంటిలో కొత్త గౌరవం దక్కింది. 1840లో ఎడింబరోలో జేన్ గోగెయిన్ ప్రచురించిన అల్లిక గ్రంథం వంటివి మధ్యతరగతి స్త్రీల చేతికి వచ్చాయి. అప్పటినుండి పాపాయి టోపీలు, చేతిసంచులు ఆప్యాయతకు చిహ్నాలయ్యాయి. అదే కాలంలో స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లండు దీవులలో, ఉంగరంలోనుండి దూరిపోయేంత పలుచని శాలువలు అల్లే స్త్రీలకు వర్తకులు డబ్బు కాక టీపొడి, గుడ్డలు ఇచ్చేవారు. వాటిని మార్చుకుని తిండిగింజలు సంపాదించుకోవడం వారి పాట్లు. 1872లో ప్రభుత్వ విచారణ జరిగినప్పుడు ఆ స్త్రీలు ఇచ్చిన వాఙ్మూలాలు నేటికీ చదవదగినవి. ఒకే దేశంలో, ఒకే కాలంలో, ఒకే పని ఒకరికి వినోదం, మరొకరికి ఆకలి.

తెలుగునాట వేడి వాతావరణంలో ఊలుకంటె నూలుకే ఆదరం ఎక్కువ. ఇక్కడ వేళ్ళూనినది రెండు సూదుల అల్లిక కాదు, ఒకే కొక్కెం సూదితో చేసే క్రోషియా లేసు. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు దీనిని గోదావరి ప్రాంతానికి తెచ్చారు. 1840ల కరవులో ఐర్లండు స్త్రీలకు బ్రతుకుతెరువు చూపినది కూడా ఈ కొక్కెం సూదే. రెండు సూదుల అల్లికను యంత్రం నాలుగు శతాబ్దాల క్రిందటే నేర్చుకుంది. అసలైన క్రోషియాను వర్తకస్థాయిలో చేయగల యంత్రం నేటికీ రాలేదు. ఈ ఒక్క కారణంచేత చేతిపనివారి వెల పెరగవలసింది.

నరసాపురం చరిత్ర అందుకు భిన్నంగా నడిచింది. 1970ల చివర అక్కడ పరిశోధన చేసిన జర్మన్ సామాజిక శాస్త్రజ్ఞురాలు మారియా మీస్ 1982లో వెలువరించిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' గ్రంథం ఆ సంగతులను విపులంగా నమోదు చేసింది. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు అతుకుపని చేసేవారు. పూర్తి అయిన బల్లగుడ్డ ఏ దేశానికి పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో అల్లిన స్త్రీకి తెలిసేది కాదు. వంటావార్పూ ముగించుకుని రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు కూర్చున్నా, ఆమె గృహిణి, ఆమెది తీరికవేళ పని. వర్తకులు, ఎగుమతిదారులు పురుషులు. 'తీరిక' అన్న ఆ ఒక్క మాటవల్ల అధికార లెక్కలలో చాలామంది పనివారుగా నమోదే కాలేదు. కూలి తక్కువగా ఉండడానికి కూడా ఆ మాటే ఆసరా అయింది. మీస్ చేసిన ఈ నిర్ధారణను త్రోసిపుచ్చడం కష్టం.

పాఠశాలలు ఈ విషయంలో కొంత భిన్నమైన దారి తొక్కాయి. 1937లో వార్ధాలో రూపుదిద్దుకొన్న విద్యాప్రణాళిక చేతివృత్తిని చదువుకు కేంద్రంగా నిలిపింది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సంఘం సామాజికోపయోగమైన ఉత్పాదక కార్యక్రమాన్ని పాఠ్యాంశంగా సిఫారసు చేసింది. చేతిపనుల గంటలో ఉచ్చులు లెక్కపెట్టిన పిల్లకు గణితమూ, ఓర్పూ రెండూ అబ్బుతాయి. తప్పు పడిన వరుసను విప్పి మళ్ళీ అల్లడం పలకమీద లెక్క చెరిపి మళ్ళీ చేయడం వంటిదే.

నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇతర ప్రాంతాలవారు ఆ పేరుతో సరుకు అమ్ముకోకుండా ఆ గుర్తింపు అడ్డుపడుతుంది. అల్లిన చేతికి ముట్టవలసిన కూలిని మాత్రం ఆ చట్టం నిర్ణయించదు.