మదనపల్లె, పుంగనూరు: నివాసయోగ్యత

ఏ యూర నివసింపవచ్చును, ఏ యూర నివసింపరాదు అను విచారము మనవారికి క్రొత్తది కాదు. సుమతీ శతకకర్త యీ ప్రశ్నకు నాలుగు కొలతలు చెప్పియున్నాడు. అక్కఱకు ధనము బదులిచ్చువాడు, రోగము కుదుర్చువాడు, ఏడాది పొడుగున వట్టిపోని నది, చదువుకొన్న బ్రాహ్మణుడు, ఈ నాలుగును లేని యూరిలో నుండవలదని యాతని బోధ. బాల్యమున వల్లె వేసిన యీ కొలతలను పెద్దలమైన పిదపను మనము విడువలేదు. కూతునిచ్చునప్పుడు, కొడుకును బడిలో వేయునప్పుడు, ఉద్యోగము విరమించి యిల్లు కట్టుకొనునప్పుడు మన మనస్సు తెలిసియో తెలియకయో వీనినే వెదకుచుండును. కాని యవి నేటికిని చాలునా, చాలనిచో దేనిని దిద్దుకొనవలెను అను సంగతి ఊరక తర్కించిన తేలదు. పొరుగు పొరుగుననున్న రెండూళ్ళను ప్రక్కప్రక్కన నిలిపి, వాని చరిత్రమును పరిశీలింపవలెను. అందులకు మదనపల్లెయు పుంగనూరును మిక్కిలి తగిన జంట.

ఈ రెండింటికిని నడుమ దూరము ఎక్కువ కాదు. రెండును కనుమలకు మీద, మైసూరు పీఠభూమి యంచున, సముద్రమట్టమునకు 2,000 అడుగులు దాటిన యెత్తున నున్నవి. రెండింటను నల్లరాతి గుట్టలు, ఎఱ్ఱనేల, వేరుసెనగ, రాగి, మామిడి. రెండింటి సంతలలోను తెలుగుతోపాటు కన్నడము, ఉర్దూ, తమిళము వినవచ్చును. నేల యొక్కటి, వాన యొక్కటి. అట్లుండియు నొకదానిలో కాపురముండుట వేఱు, మఱియొకదానిలో నుండుట వేఱు. ఈ భేదము ప్రకృతి కల్పించినది కాదు, చరిత్రము కల్పించినది.

నీటి మాట ముందుగా ముగింతము. శతకకర్త చెప్పిన జీవనది యీ రెండూళ్ళకును లేదు. మదనపల్లె మీదుగా పోవు బాహుదా వానలు కురిసినపుడు ఏఱు, తక్కిన దినములలో ఇసుక. పుంగనూరునకు చెఱువులే యాధారము. నది లేని యూరు నివాసయోగ్యము కాదన్నచో రాయలసీమలో సగము ఊళ్ళు ఖాళీ చేయవలసివచ్చును. పూర్వులు అట్లు లేచిపోక, గుట్టకును గుట్టకును నడుమ కట్టవేసి, ఒక చెఱువు అలుగు మఱియొక చెఱువును నింపునట్లు గొలుసులు కూర్చిరి. మన కాలమున హంద్రీ-నీవా కాలువ శ్రీశైలపు కృష్ణాజలమును ఎత్తిపోసి యీ మెట్టకు తెచ్చినది. దాని యొక శాఖకు పుంగనూరు శాఖాకాలువ యనియే పేరు. కావున నీటి విషయమున నీ రెండింటికి తారతమ్యము లేదు. తక్కిన మూడు కొలతలకై చరిత్రమున దిగవలెను.

పుంగనూరు కోట యూరు. దాని నేలిన పాళెగాండ్రు మొదట ఈ సీమవారు కారు. వారి మూలస్థానము కోలారు ప్రాంతమునందలి సుగుటూరు. విజయనగర ప్రభువుల వలన చిక్కరాయలను బిరుదము పొంది, కోలారు, హొసకోట సీమలను పాలించి, 17వ శతాబ్దమున బిజాపురపు సేనలు ఆ నేలను గైకొన్న పిదప వారు పుంగనూరున నిలద్రొక్కుకొనిరి. వారితో కూడ వారి యిలవేలుపును వచ్చినది. నేటికిని ఏటేట పుంగనూర జరుగు జాతర సుగుటూరు గంగమ్మ జాతరయే. అది రాజుల నగరి యావరణలోనే జరుగును. తొలిపూజ నాటి వంశమువారిదే. ఇందొక విశేషమును చదువరులు గమనింపవలెను. తావు తప్పి వచ్చిన యొక కుటుంబపు దేవత, రెండు మూడు తరములలో ఊరందఱి తల్లియైనది. నగరి తలుపులు తెఱచి, సకల వర్ణములవారును లోనికి పోవు దినములవి. ఆ యూరి వాడెచ్చట నున్నను జాతరనాటికి తిరిగివచ్చును. ‘ఇది మా యూరు’ అను భావము పుంగనూరిలో బలముగా నుండుటకు నిది యొక కారణము.

ఆ సంస్థానము పేరు దేశమంతట నిలిపినది మాత్రము రాజు కాడు, గంగమ్మయు కాదు, ఆవు. పుంగనూరు జాతి యావు మూడడుగుల యెత్తునకు మించదు. బరువు తక్కువ, మేత తక్కువ, కఱవు నోర్చును, పాలు కొలదియే యైనను వెన్న మెండు. చెఱువు నమ్ముకొన్న మెట్టరైతునకు నింతకన్న తగిన పశువు లేదు. సంస్థాన ప్రభువుల యాదరణమున నీ జాతి కాపాడబడినది.

అయితే కోట యూరిలో మేలన్నది యెట్లు వచ్చును? ప్రభువునకు దయ కలిగిన చెఱువు గండి పూడును. దయ తప్పిన పూడదు. ఇది పుంగనూరి ప్రభువులకు మాత్రమే తగులు మాట కాదు. జమీందారీ పద్ధతికంతకును తగులును. 1908వ సంవత్సరపు మద్రాసు ఎస్టేటు భూముల శాసనము వచ్చువఱకు జమీందారీ రైతునకు తాను దున్ను నేల మీద స్థిరమైన హక్కు గలదో లేదో న్యాయస్థానములే తేల్చుకొనలేకపోయెను. 1948వ సంవత్సరపు శాసనము జమీందారీలను రద్దుచేసెను. ప్రభువు పోయెను, ప్రభువు చేయుచుండిన పనులను చేయు సంస్థ మాత్రము వెంటనే యేర్పడలేదు. ఆ మధ్యకాలమున మొదట నష్టపోయినది ఆవు. సంకరజాతి పశువులు వచ్చినవి, పచ్చికబీళ్ళు తగ్గినవి, పుంగనూరు జాతి అంతరించు స్థితికి వచ్చినది. దానిని నిలిపినది కోట కాదు. పలమనేరునందలి ప్రభుత్వ పశుపరిశోధన స్థానము. ఇప్పుడాయావు మరల ప్రసిద్ధికెక్కినది. 2024 జనవరిలో సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన నివాసమున పుంగనూరు ఆవులకు మేత వేయుచున్న చిత్రములు దేశమంతయు చూచినది. ధనికులు వేడుకకై అధిక ధనమిచ్చి కొనుచున్నారు. పేదరైతు కొట్టములో ఉండుటకై పుట్టిన పశువు పెద్దింటి ముంగిటి యలంకారమైనది.

ఇక మదనపల్లె. ఇది కోట యూరు కాదు, కచేరి యూరు. 1800లో నైజాము ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసిన సీమలలోనిది. మన్రో దొర 1807 వఱకు ఆ సీమల కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతికి పునాది వేసెను. అందుచే నిచ్చటి రైతు శిస్తు కట్టినది ప్రభువునకు కాదు, సర్కారునకు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడునప్పుడు కడప జిల్లా నుండి మదనపల్లె యిందు చేరెను. కచేరి యున్నచోటికి వకీలు వచ్చును, బడిపంతులు వచ్చును, పరదేశియు వచ్చును. అమెరికా దేశపు మిషనరీ వైద్యుడు జేకబ్ చాంబర్లేను 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున నిచ్చట ఔషధాలయము నడపి, తెలుగు నేర్చి, 1908లో నీ యూరనే కన్నుమూసెను.

1915వ సంవత్సరము మదనపల్లె చరిత్రమున మఱపురానిది. ఆ యేట రెండు సంస్థలు వెలసినవి. ఒకటి అనిబిసెంటమ్మ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల. బ్రాహ్మణుడున్న యూర నుండుమన్న శతకకర్త కొలతను కాలము దిద్దిన తీరు నిచ్చట కానవచ్చును: చదువు ఒక వర్ణమువాని యింటినుండి లేచి, జీతము కట్టిన యెవని కొడుకైనను కూర్చుండదగు బల్లమీదికి వచ్చినది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఈ కళాశాలకు విశ్రాంతికై వచ్చి, తన ‘జనగణమన’ గీతమును ఇంగ్లీషులోనికి మార్చెను. అప్పటి ప్రధానాచార్యుడు జేమ్సు కజిన్సు భార్య మార్గరెట్టు దాని రాగమునకు స్వరలేఖనము చేసెను. మదనపల్లెలోనే 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి పేర విఖ్యాతమైన రిషివ్యాలీ పాఠశాల 1926లో సమీపపు లోయలో మొదలైనది.

రెండవది ఆరోగ్యవరము. క్షయరోగమునకు మందు లేని దినములవి. స్ట్రెప్టోమైసిను కనుగొనబడినది 1943లో. అంతవఱకు చికిత్స యనగా పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన యాహారము. ఇవి దొరకు తావు వెదకి, పెక్కు క్రైస్తవ మిషనులు కలసి మదనపల్లె చెంత నీ చికిత్సాలయమును కట్టించెను. డెన్మార్కు దేశపు వైద్యుడు ఫ్రిమొట్-మొల్లర్ దీని మొదటి యధికారి. మన దేశమున బి.సి.జి. టీకా 1948లో తొలుత వేయబడిన చోట్లలో మదనపల్లె యొకటి. క్షయరోగిని సొంత యింటివారే వెలివేయుచుండిన కాలమున, ఎక్కడివాడో తెలియని దగ్గువానికి మంచమిచ్చిన యూరిది. నివాసయోగ్యతకు నింతకు మించిన సాక్ష్య మేమి కావలెను?

కాని యిచ్చట తొందరపడి తీర్పు చెప్పరాదు. మదనపల్లె గొప్పలలో పెక్కు మదనపల్లె నడుమ లేవు. ఆరోగ్యవరము ఊరి వెలుపల, రిషివ్యాలీ లోయలో, తుదకు మదనపల్లె రోడ్డు అను రైలు స్టేషను సైతము ఊరికి దూరముగా చిన్నతిప్పసముద్రమున నున్నది. దూరదేశముల వారి పిల్లలు లోయలో చదువుకొనుచుండగా, నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేయు నేతగాని పిల్లవాడు ఆ దారి యెఱుగక పెరుగవచ్చును. పరదేశి తెచ్చిన మేలు పరదేశికే పరిమితమైనచో నది యూరి మేలనిపించుకొనదు.

అప్పు మాటయు నిట్టిదే. శతకకర్త బదులిచ్చువానిని మెచ్చుకొనెను. ఎట్టి షరతులమీద నిచ్చునో చెప్పలేదు. మదనపల్లె టమాట విపణి దేశమున పెద్దవానిలో నొకటి. 2023 జూలైలో కిలో ధర నూఱు రూపాయలు దాటినది. ధర పడిపోయిన యేండ్లలో అదే పంటను రైతులు త్రోవన పాఱబోసిరి. విత్తునాడు మండీవానియొద్ద అప్పుతెచ్చిన రైతు కోతనాడు వేఱొకని గడప త్రొక్కలేడు. మగ్గము మీది నేతగానికిని పట్టునూలు బదులిచ్చిన వానితో నిదియే సంబంధము. కోట యూరిలో ప్రభువొక్కడు; విపణి యూరిలో ప్రభువులు పలువురు, పేర్లు మాత్రము వేఱు.

ఈ తగవున మూడవ సాక్షిగా దక్షిణపు కొసనున్న కుప్పమును పిలువవచ్చును. అదియు నొకప్పుడు కంగుంది పాళెగాండ్ర సీమలోనిదే. 1864లో బెంగుళూరునకు వేసిన ఇనుపదారి ఆ త్రోవను పోయినది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వచ్చినది. 2025లో కృష్ణాజలము దాని చెఱువులకు చేరినది. మూడు రాష్ట్రముల కూడలిలో మాఱుమూలయనిపించుకొన్న యూరు, సర్కారు దృష్టి పడినంతనే ఒక తరములో రూపు మాఱినది. దీనివలన తేలునదేమన, పాళెగాండ్ర యూరగుట శాపము కాదు. పాళెము పోయిన పిదప దాని తావున ప్రజాసంస్థ నిలుపకుండుటయే శాపము.

2022 ఏప్రిలు 4వ తేదీ జిల్లాల పునర్విభజనమున మదనపల్లె అన్నమయ్య జిల్లాలో పడినది, పుంగనూరు చిత్తూరు జిల్లాలో నిలిచినది. జిల్లా గీతలు మాటిమాటికిని మాఱునవి. కాన్పు కష్టమైన పడుచును ఏ యూరి యాసుపత్రికి బండి కట్టవలెనో గీత చూచి యెవ్వరును నిర్ణయింపరు.

కావున నా తీర్పు నిది. రోగికిని, విద్యార్థికిని, తన పుట్టుక చెప్పనొల్లని పరదేశికిని మదనపల్లె మేలు. తాతలనాటి యరుగు, పేరుపెట్టి పిలుచు పొరుగు, ఏటికొకమాఱు ఊరంతయు నొక్కటియగు దినము కోరువానికి పుంగనూరు మేలు. అయినను శతకకర్త కొలతలకు మనము ఐదవదానిని చేర్చవలసియున్నది. వైద్యుడున్నాడా యని మాత్రమే కాదు, అతని గుమ్మమున పేదవాడు ఎవరి సిఫారసును లేక నిలువగలడా యని యడుగవలెను. బడి యున్నదా యని మాత్రమే కాదు, అది ఎవరి వీధికి వెన్నుచూపుచున్నదని యడుగవలెను. అప్పు పుట్టునా యని మాత్రమే కాదు, పుట్టిన పిదప పంట యెవరిదగునని యడుగవలెను. దయగా వచ్చినది దయాళువుతో పోవును. హక్కుగా వచ్చినది నిలుచును. పుంగనూరు ఆవు చెప్పిన పాఠమిదియే. ఒక యూరు తన నగరి తలుపులను జాతరనాడు తెఱచినట్లే తక్కిన దినములందును తెఱవ నేర్చుకొనవలెను. వేఱొక యూరు లోయలోని దీపమును వీధిలోనికి తెచ్చుకొనవలెను. ఆ పని ముందు చేసిన యూరే నివాసయోగ్యము.